అప్పాల డబ్బా ఉంటే... ఆమెకూ ఓ కుర్చీ!

దావత్ అంటే అందరికీ సంబురమే, ఒక్క పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి తప్ప! నలుగురొచ్చే రోజున ఆ మనిషి కూడా నలుగురిలో కూర్చోవాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు పాలమూరు, నల్లగొండ పల్లెలు ఎప్పుడో జవాబు చెప్పాయి.

ఇంటికి ముప్ఫై మంది వస్తున్నారు. తొట్టెల కావచ్చు, గృహప్రవేశం కావచ్చు, చాలా ఏళ్లకు విదేశం నుంచి వచ్చిన తమ్ముడి కోసం పెట్టుకున్న దావత్ కావచ్చు. హాల్లో నవ్వులు, పిల్లల పరుగులు, పెద్దవాళ్ల పాత ముచ్చట్లు. ఇంటావిడ మాత్రం వంటింట్లో మిర్చీల మూకుడు ముందు నిలబడి ఉంటుంది. ఒక వాయి తీయగానే ప్లేటు హాల్లోకి వెళ్లిపోతుంది. ఖాళీ ప్లేటు తిరిగొస్తుంది. ‘వదినా... ఇంకో వాయి ఉందా?’ అనే కేక దాని వెనకాలే వస్తుంది. ‘ఎంతసేపు ఆ వంటింట్లనే ఉంటవ్, వచ్చి కూసోరాదూ!’ అని ఆడబిడ్డ పిలుస్తుంది. పిలుపులో ప్రేమ ఉంది. కానీ కాగుతున్న నూనెను వదిలేసి వచ్చేదెట్లా?

నెల తర్వాత ఆ రోజు తీసిన ఫొటోలు చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. అందరూ ఉంటారు. ఆమె ఉండదు!

హోటల్ వంట... ఇంటికొస్తే

ఫంక్షన్ హాళ్లు వచ్చాక భోజనానికి ముందు ‘స్టార్టర్లు’ అనే మాట మన ఇళ్లల్లోకీ వచ్చింది. చికెన్ 65, గోబీ మంచూరియా, బేబీకార్న్, కట్‌లెట్... పేర్లు నోరూరిస్తాయి. కానీ వీటిలో చాలావాటికి ఒకటే లక్షణం. మూకుడులోంచి తీసిన పది నిమిషాల్లో తినాలి. ఆ తర్వాత మెత్తబడి, చల్లబడి ఎవరికీ పట్టకుండా పోతాయి. చికెన్ 65 చెన్నైలోని బుహారీ హోటల్లో పుట్టిందంటారు. మంచూరియాకు ముంబైలో 1975లో నెల్సన్ వాంగ్ చేసిన చికెన్ వంటకాన్ని మూలంగా చెబుతారు. అంటే రెండూ హోటల్ వంటలే. అక్కడ వంట చేసేందుకు ఒకరు, వడ్డించేందుకు మరొకరు ఉంటారు. ఇద్దరికీ జీతం ఉంటుంది.

అదే వంటను ఇంటికి తెచ్చుకున్నప్పుడు వంటవాడి ఉద్యోగాన్ని కూడా తెచ్చుకుంటున్నాం. అది ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? అందుకే దావత్ పెట్టేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది రుచి గురించి కాదు, సమయం గురించి. చుట్టాలు గడప దాటి లోపలికి వచ్చే వేళకు పొయ్యి ఆరిపోయి ఉండాలి. ఇది కొత్త ఉపాయమేం కాదు. మన అవ్వలు, అమ్మమ్మలు పాటించిన పద్ధతే.

ఒక్క మాటలో అన్నీ

తెలంగాణ పల్లెల్లో ‘అప్పాలు’ అనేది ఒక్క వంటకం పేరు కాదు. సకినాలు, మురుకులు, చెక్కలు, గరిజెలు, అరిసెలు... పండక్కీ పెళ్లికీ నూనెలో దేవి డబ్బాలకెత్తే పిండివంటలన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు. ‘అప్పాలు చేసిన్రా?’ అని అడిగారంటే ‘పండుగ పని అయిందా?’ అని అడిగినట్టే. చుట్టం ఎప్పుడొచ్చినా ముందు మంచినీళ్ల చెంబు, వెంటనే పళ్లెంలో రెండు సకినాలు, ఓ గరిజె. ఆ తర్వాతే మంచీ చెడూ. పొద్దున వచ్చినా, రాత్రి ఆఖరి బస్సుకు దిగినా ఇదే మర్యాద. డబ్బా నిండుగా ఉంటే ఇంటామెకు కంగారు ఉండేది కాదు.

ఈ పద్ధతి వెనక నేల గుణం కూడా ఉంది. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. అక్కడి నుంచి నల్లగొండ దాకా దక్షిణపు అంచున పారుతుంది. అయినా చాలా ఊళ్లకు ఆ నీళ్లు చాలాకాలం అందలేదు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ వైపు వరి పచ్చబడింది, బియ్యం మిల్లులు వెలిశాయి. మిగిలిన మెట్టలో జొన్న, సజ్జ, ఆముదం, పల్లి, కందులే దిక్కు. రోజూ జొన్నరొట్టె, జొన్న గటక. వరి బియ్యం పండక్కి, చుట్టాలకు. అలాంటి బియ్యం చేతికొచ్చినప్పుడు ఒక్క పూటకు వండేసి ఊరుకుంటే ఎట్లా? పిండి కొట్టి, నువ్వులు కలిపి, నూనెలో కాల్చి దాచుకుంటే పదిహేను, ఇరవై రోజులు వచ్చినవాళ్లందరికీ పెట్టొచ్చు. ఖరీదైన గింజను నలుగురికీ అందేలా చేసే లెక్క అది.

2016లో ఈ రెండు జిల్లాలూ విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పుట్టాయి. 2019లో నారాయణపేట వచ్చింది. జిల్లాలు ఎన్నయినా సంక్రాంతి ముందు వీధుల్లో వచ్చే వాసన మాత్రం ఒక్కటే... వేగుతున్న నువ్వుల వాసన!

దావత్ పెట్టుకునేవాళ్లు ఈ అప్పాల లెక్కనే క్యాలెండర్‌లా వాడుకోవచ్చు. ఏది ఎన్ని రోజులు నిలుస్తుందో తెలిస్తే ఏది ఎప్పుడు చేయాలో దానంతటదే తేలిపోతుంది.

పది రోజుల ముందు: సకినాలు, చెక్కలు

సకినం చూడ్డానికి నాలుగు చుట్ల సున్నా. చేయడం మాత్రం వేళ్ల విద్య. కిలో బియ్యాన్ని నాలుగైదు గంటలు నానబెట్టి, నీళ్లు వంపి, బట్ట మీద కాసేపు ఆరనిచ్చి, తడి ఉండగానే పిండి పట్టించి జల్లించాలి. 150 నుంచి 200 గ్రాముల నువ్వులు, రెండు మూడు చెంచాల వాము, తగినంత ఉప్పు. అంతే. కారం ఉండదు. కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ మెత్తగా కలుపుకొని, నూలుబట్ట పరిచి, చూపుడువేలు, బొటనవేలి మధ్య పిండిని సన్నగా మెలితిప్పుతూ చుట్టుకుంటూ పోవాలి. బట్ట తడి పీల్చుకున్నాక అట్లకాడతో ఎత్తి నూనెలో వేయాలి. తొందరపడి పచ్చిగా వేస్తే విరిగిపోతాయి. పిండి సరిగ్గా జల్లించకపోయినా, లోపల తడి చిక్కుకున్నా ఆవిరి పట్టి నూనెలో పేలే ప్రమాదం ఉంది. అందుకే మొదటి వాయిలో ఒక్కటే వేసి చూస్తారు అనుభవమున్నవాళ్లు. పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వరు.

సకినం ఇన్ని రోజులు ఎందుకు పాడుకాదు? నూనెలో వేగేటప్పుడు బుస్సుమంటూ పైకి వచ్చే బుడగలన్నీ పిండిలోని నీరే. బుడగలు తగ్గాయంటే నీరు పోయిందని అర్థం. నీరు లేనిచోట బూజు బతకదు. ఇక మిగిలిన భయం నూనె ముక్కవాసన రావడమే. దానికి గాలి, వెలుతురు, వేడి కారణాలు. నువ్వుల్లో ఉండే సెసమాల్ లాంటి పదార్థాలకు నూనె చెడిపోవడాన్ని ఆలస్యం చేసే గుణం ఉంది. వాములో థైమాల్ ఉంటుంది, దాని ఘాటు అదే. పాతకాలంలో ఈ పేర్లు ఎవరికీ తెలియవు. ఏది వేస్తే డబ్బాలో నిలుస్తుందో మాత్రం తెలుసు.

సకినాలు చుట్టడం రానివాళ్లు బెంగపడక్కర్లేదు. చెక్కలున్నాయి. అప్పాలని, పప్పు గారెలని ఊరికో పేరు. అరకిలో బియ్యప్పిండిలో నానిన శనగపప్పు గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు, కరివేపాకు, కారం, ఉప్పు, రెండు చెంచాల వేడి నూనె వేసి వేన్నీళ్లతో కలపాలి. నిమ్మకాయంత ముద్దలు చేసి పల్చగా ఒత్తి మధ్యస్థమైన మంట మీద కాల్చాలి. శనగపప్పును కలిపే ముందు నీళ్లు లేకుండా బట్ట మీద ఆరబెట్టడం మరవొద్దు. ఆ పప్పులో తడి మిగిలితే చెక్క మెత్తబడుతుంది.

దావత్ రోజున ఈ రెండింటినీ వట్టిగా పెట్టక్కర్లేదు. చిన్న చెక్క మీద సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, టమాటా, కొత్తిమీర వేసి నిమ్మరసం పిండితే పట్నం పిల్లలు కూడా ‘ఇంకోటి’ అంటారు. సకినానికి పక్కన ఎర్రకారం, ఉల్లిగడ్డ ఉంటే చాలు. ఆ చప్పిదనానికి ఈ కారం సరిజోడు.

వారం ముందు: చుడువ

అటుకుల చుడువ అంత తేలికైన పని మరొకటి లేదు. అరకిలో పల్చటి అటుకులను ఎండలో పెట్టి గలగలలాడాక, మూకుడులో నాలుగైదు చెంచాల నూనె వేసి పల్లీలు, పుట్నాలు, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు వేయించాలి. పసుపు, ఉప్పు, కాస్త చక్కెర వేసి అటుకులను కలిపి సన్నమంట మీద కలియబెట్టాలి. అరగంటలో పని పూర్తి. ముప్ఫై మందికి అరకిలో అటుకుల చుడువ బాగానే సరిపోతుంది. ఇది మూత గట్టి డబ్బాలో రెండు వారాలుంటుంది. ఉల్లిగడ్డ, నిమ్మరసం మాత్రం వడ్డించే నిమిషంలోనే కలపాలి. ముందే కలిపితే గంటలో మెత్తబడి ఉప్మాలా తయారవుతుంది!

పల్లీల సంగతి వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. వనపర్తి, గద్వాల, అచ్చంపేట వైపు యాసంగి పల్లి పంటకు పేరు. మంచి పల్లికి మంచి వాసన ఉంటుంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు ఛాయ ఉన్నవి కనిపిస్తే ఏరి పారేయండి. బూజు పట్టిన పల్లీలో అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉండొచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు.

ముందు రోజు: సర్వపిండి, గుడాలు

సర్వ అంటే గుండ్రటి గిన్నె. దాని లోపలి గోడలకు పిండి ఒత్తి కాల్చేది కాబట్టి సర్వపిండి. తపాలచెక్క అన్నా, గిన్నప్ప అన్నా ఇదే. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు వేసి రొట్టె పిండిలా కలుపుతారు. గిన్నెకు నూనె రాసి, పిండిని వేళ్లతో పల్చగా ఒత్తి, అక్కడక్కడా బొక్కలు పెట్టి, వాటిలో చుక్క నూనె వేసి మూతపెడతారు. సన్నమంట మీద పది పన్నెండు నిమిషాల్లో అడుగు ఎర్రగా, పైన మెత్తగా కాలుతుంది. రెండోది వేసే ముందు గిన్నెను బయటి నుంచి నీళ్లతో చల్లబరచాలి. వేడి గిన్నెలో చేయి పెట్టి పిండి ఒత్తలేం కదా!

సర్వపిండిలో దావత్‌కు పనికొచ్చే గుణం ఒకటుంది. చల్లారినా దీని రుచి తగ్గదు. ముందు రోజు సాయంత్రం నాలుగు సర్వలు కాల్చి, చల్లారాక చిన్న చిన్న ముక్కలుగా కోసి పెట్టుకుంటే ముప్ఫై మందికి తలా రెండు ముక్కలొస్తాయి. ఉల్లిగడ్డ వేస్తే మర్నాటికే తినేయాలి. వేయకపోతే రెండో రోజుకూ ఉంటుంది. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించే ముందు పెనం మీద వెచ్చబెడితే సరి.

మిగతా చోట్ల గుగ్గిళ్లు అన్నవే ఇక్కడ గుడాలు. అలసందలు, శనగలు, పెసర్లు... ఏవైనా సరే. ముందు రోజు పొద్దున నానబెట్టి, రాత్రి కుక్కర్‌లో ఉడికించి, నీళ్లు వంపి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మర్నాడు పోపు వేయడానికి ఐదు నిమిషాలు. ఉడికిన గింజలను రాత్రంతా బయట వదిలేయడం మాత్రం ప్రమాదం. ఉడికిన పదార్థం ఏదైనా గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మన ఎండాకాలపు వంటిల్లు ఎప్పుడూ ఆ మధ్యలోనే ఉంటుంది మరి!

కల్లు దుకాణం దగ్గర ఆకు దొన్నెలో అమ్ముడుపోయిన గుడాలే ఈ రోజు పెద్ద హోటళ్లలో ‘సలాడ్’ పేరుతో గాజు గిన్నెల్లో కనిపిస్తున్నాయి. ఇంట్లో పెట్టడానికి మొహమాటపడేవాళ్లు ఇది గమనించాలి.

నీసు తినేవాళ్లకు

తెలంగాణలో దావత్ అంటే నీసు లేకుండా కుదరదనేవాళ్లు ఎక్కువే. దానికీ ముందుచూపు వంట ఉంది. జాతరలప్పుడు, పండుగలప్పుడు యాట కోశాక మిగిలిన మాంసాన్ని సన్నటి పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి దండెం మీద ఎండబెట్టేవాళ్లు. అవే ఒట్టి తునకలు. ఫ్రిజ్ లేని కాలంలో మాంసాన్ని దాచుకునే తెలివి అది. ఎండిన తునకలను నిప్పుల మీద కాల్చి దంచినా, నూనెలో వేయించినా రెండు ముక్కలతోనే నోరు నిండుతుంది. ఇప్పుడు మేడ మీద మాంసం ఎండబెట్టే తీరిక, ఈగలు రాకుండా చూసే ఓపిక అందరికీ ఉండవు. అలాంటివాళ్లు చికెన్‌కు ముందు రోజు రాత్రే అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం పట్టించి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. చుట్టాలు రావడానికి గంట ముందు ఒకే మూకుడులో వేపుడు చేసి మూతపెడితే చాలు. ఒక్కో ముక్కా పిండిలో ముంచి నూనెలో వేసే పని తప్పుతుంది. కడుపు నింపేది ఎలాగూ భోజనమే కాబట్టి ముందు పెట్టే వాటిలో నీసు ఒక్క రకం ఉంటే సరిపోతుంది.

బొంబాయి బస్సులో మూట

ముందే చేసి దాచుకునే తిండికి ఈ నేల మీద మరో కథ కూడా ఉంది. అది సంబురాల కథ కాదు. వానలు లేక, పనులు లేక పాలమూరు కూలీలు ఊళ్లకు ఊళ్లు వదిలి వలస పోయారు. దేశంలో ఆనకట్టలు, రోడ్లు, మేడలు కట్టిన ‘పాలమూరు లేబర్’ వాళ్లే. మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి ఆర్టీసీ బస్సులు కిక్కిరిసి నడిచేవి. ఆ బస్సు గురించి జర్నలిస్టు పి.సాయినాథ్ 2003లో రాశారు.

అంత దూరం పోయేవాళ్ల సంచుల్లో ఏముండేది? నారాయణపేట, మక్తల్ వైపు, కర్ణాటక సరిహద్దు ఊళ్లలో జొన్నరొట్టెను కరకరలాడేలా ఎండబెట్టుకుంటారు. కడక్ రొట్టె. దాని మీదికి పల్లీల పొడో, ఎర్రటి తొక్కో. తడి లేని రొట్టె, తడి లేని పొడి. బస్సులో పాడుకాదు, పని దొరికే దాకా ఆకలికి ఆసరా. పండుగకు ఇంటికొచ్చి తిరిగి పోయేటప్పుడు అమ్మ సకినాల మూట కూడా కట్టేది.

ఇప్పుడు అదే కడక్ రొట్టె హైదరాబాద్ దుకాణాల్లో ప్యాకెట్లలో దొరుకుతోంది. నాలుగు ముక్కలు చేసి, ఒక్కో దాని మీద టమాటా తొక్కో, పల్లీ తొక్కో చెంచాడు పెట్టి పళ్లెంలో పేర్చండి. పొయ్యి వెలిగించకుండా తయారయ్యే పలహారం. తినే పిల్లలకు ఇది ఎవరి బతుకులోంచి వచ్చిందో కూడా ఒక మాట చెప్పండి.

పది చేతుల పని

‘ఇవన్నీ ముందే చేయాలంటే దావత్ రోజు కష్టం పది రోజుల ముందుకు జరిగినట్టే కదా!’ అని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. ఒంటరిగా కూర్చుని కిలో పిండి సకినాలు చుట్టినామె నడుమునే అడగాలి ఆ బాధ! అవ్వల కాలంలో ఆ కష్టం పంచుకున్న కష్టం. సకినాలు ఎవరూ ఒక్కరే చేసేవాళ్లు కాదు. ఈ రోజు వీళ్లింట్లో, రేపు వాళ్లింట్లో. వాడకట్టు ఆడవాళ్లంతా మధ్యాహ్నం పనులు ముగించుకుని వచ్చి బట్ట చుట్టూ కూర్చునేవాళ్లు. ఒకరు చుడితే ఒకరు ఎత్తేవారు. ఒకరు కాలిస్తే ఒకరు ఏరి సర్దేవారు. మధ్యలో కోడళ్ల కష్టాలు, బిడ్డల పెళ్లి మాటలు. ఎవరి సకినం సన్నగా వచ్చిందో, ఎవరిది వంకర పోయిందో నవ్వులు. పిండి అయిపోయే వేళకు ఇంటామె కొంగులో పోసిన నాలుగు సకినాలే కూలి. పని కూడా ఒక రకంగా దావతే!

ఇప్పుడు ఇళ్లు దూరమయ్యాయి. అపార్టుమెంటులో పక్క తలుపు కొట్టి ‘పిండి కలిపిన, రండి’ అనే చనువు తగ్గింది. అయినా తోబుట్టువులున్నారు, తోటికోడళ్లున్నారు, ఇంట్లో మగవాళ్లూ ఉన్నారు. సకినం చుట్టడం రాకపోవచ్చు. పిండి జల్లించడానికి, నూనెలోంచి తీయడానికి, డబ్బాలు కడిగి ఆరబెట్టడానికి వేళ్ల విద్య అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇంటిల్లిపాదీ కూర్చుంటే పిల్లలకు ఆటలా కూడా ఉంటుంది.

కొనుక్కుంటే తప్పా?

తప్పేం లేదు. స్వగృహ దుకాణాలున్నాయి. పట్టణాల్లో సకినాలు, మురుకులు చేసి కిలోల లెక్కన అమ్మే ఆడవాళ్లున్నారు. పది మంది చేతుల్లో పని జరిగే చోటు ఇప్పుడు అక్కడికి మారిందనుకోవచ్చు. ఒక ఇంటి తీరిక మరో ఇంటి కూలి అవుతుంది. కొనేటప్పుడు ఒకటి విరిచి వాసన చూడండి. పాత నూనె వాసన ముక్కుకు తెలిసిపోతుంది. ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడటం ఆరోగ్యానికి మంచిది కాదని 2018 జూలై నుంచి ఆహార భద్రత సంస్థ వ్యాపారులకు పరిమితి కూడా పెట్టింది. ఇంట్లో అయినా నల్లబడిన నూనెను ఇంకో వాయికి వాడొద్దు.

అన్నీ కొననక్కర్లేదు, అన్నీ చేయనక్కర్లేదు. సకినాలు కొని, చుడువ కలిపి, గుడాలు ఉడికిస్తే మూడు రకాలయ్యాయి. అంతకంటే ఎక్కువైతే అన్నం దగ్గర ఎవరికీ ఆకలి ఉండదు!

ఇవి మరవొద్దు

వెనకాల భోజనం ఉంటే మనిషికి నాలుగైదు చిన్న ముక్కలు చాలు. భోజనం ఆలస్యమవుతుందనుకుంటే ఏడెనిమిది లెక్కేసుకోండి.

ఒకటి కరకరలాడేది, ఒకటి మెత్తటిది, ఒకటి తడి ఉన్నది... ఇలా మూడు తీర్లుంటే పళ్లెం నిండుగా కనిపిస్తుంది. సకినం, సర్వపిండి, గుడాలు కలిపితే సరిగ్గా ఇదే.

వేయించినవి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూతపెడితే ఆవిరి నీరై కరకర పోతుంది. ఒకవేళ మెత్తబడితే ఓవెన్‌లోనో, మూకుడులో నూనె లేకుండానో సన్నమంట మీద కాసేపు వెచ్చబెట్టి చల్లారనివ్వండి.

పెద్ద డబ్బా ఒక్కటి కాకుండా చిన్న డబ్బాలు నాలుగైదు వాడండి. మాటిమాటికీ మూత తీస్తే గాలి తగులుతుంది. తడి చేయి పెట్టొద్దు.

కొబ్బరి చట్నీ మాత్రం ఏ రోజుకారోజే. పల్లీల పొడి, నువ్వుల పొడి వారం ముందే కొట్టి పెట్టుకోవచ్చు.

చిన్న పిల్లలకు గుండు పల్లీలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడొచ్చు. పల్లీ, నువ్వులు పడనివాళ్లుంటే ముందే అడిగి వాళ్లకు వేరే పళ్లెం పెట్టండి. తెలంగాణ అప్పాల్లో ఈ రెండూ లేనివి తక్కువే.

సద్దులు చెప్పే మాట

చేసినామె కూడా ఆడిపాడే దావత్ ఎక్కడైనా ఉందా అంటే, ఉంది. ఏటా అందరూ చూస్తున్నదే. సద్దుల బతుకమ్మ! 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించకముందు నుంచే, ఎన్నో తరాలుగా ఆడవాళ్లు తమకోసం తాము చేసుకుంటున్న పండుగ అది. ఆ రోజు ఇంటింటా పొద్దున్నుంచి సద్దులు కలుపుతారు. పులిహోర, పెరుగన్నం, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పల్లి సద్ది. రొట్టెను బెల్లంతో నలిపి మలీద ముద్దలు. అన్నీ చల్లారాక తినేవే. అన్నీ గిన్నెలో సర్దుకుని చెరువు దాకా మోసుకుపోగలిగేవే. సాయంత్రం బతుకమ్మ నెత్తినెత్తుకుని, కొత్త చీర కట్టుకుని బయల్దేరే వేళకు వంటింట్లో పని మిగలదు. చీకటి పడే దాకా ఆట, పాట. బతుకమ్మను నీళ్లలో సాగనంపాక గట్టు మీద కూర్చుని గిన్నెల మూతలు తీస్తారు. ఒకరి మలీద ఇంకొకరి చేతిలో, ఒకరి నువ్వుల సద్ది ఇంకొకరి నోట్లో. అక్కడ వడ్డించేవాళ్లు, తినేవాళ్లు అని రెండు జట్లుండవు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు వారాంతాల్లో కలిసినప్పుడు తలా ఒక వంట తెచ్చుకుని ‘పాట్‌లక్’ అంటున్నారు. చెరువు గట్టు మీద మన ఆడవాళ్లకు అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. ఈసారి ఇంట్లో దావత్ పెట్టుకున్నప్పుడు చుట్టాలకు ఫోన్ చేసి ‘ఏం తెమ్మంటవ్ వదినా?’ అని వాళ్లు అడగగానే ‘ఏం వద్దులే, మీరొస్తే చాలు’ అనకండి. ‘గుడాలు పట్టుకురా’ అనండి. వాళ్లు ఏమీ అనుకోరు. వాళ్లొచ్చే వేళకు మీరు గుమ్మంలో నిలబడి, వాళ్ల చేతిలోని గిన్నె అందుకుని, లోపలికి వచ్చి, వాళ్ల పక్కనే కూర్చుంటారు.